అమ్మ మాట్లాడేటప్పుడు నీళ్ళిచ్చే పని

"రేపు రవ్వంత ముందుగా రా మే. చీర నువ్వే కట్టాల. మీటింగుంది గదా."

"వస్తాలేమ్మా."

నేనూ, నేను పని చేసే ఇంటి అమ్మా కడసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. అమ్మ కారులో కూర్చోని ఉన్నింది. నేను తిరుపతి బస్టాండు బయట, కారు కిటికీ కాడ నిలబడి ఉన్నాను. అమ్మ సంచీ అప్పటికే నా చేతిలో నుంచి తీసేసుకున్నారు. రేపు మీటింగూ లేదు, నేను పోయేదీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, డ్రైవరుకు తెలుసు, ముందు సీట్లో తల తిప్పకుండా కూర్చున్న అమ్మ కొడుక్కి తెలుసు. అమ్మ ఒక్కదానికే తెలీదు.

ఇది నేను చెప్తా ఉంటే మా చెల్లెలి కూతురు రాస్తా ఉండాది. నాకు రాసేదానికి రాదు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, కాగితం మీద సంతకం పెడతాను, అంతే. ఇండ్లలో ముసలోళ్ళను, జబ్బుమనుషులను చూసుకునే పనికి పోయే ఆడపిల్లలంతా కలిసి ఒక పుస్తకం వేస్తారంట. పాతోళ్ళు మీ అనుభవం చెప్పండి అని వచ్చి అడిగినారు. మంచంలో మనిషిని ఎట్లా తిప్పేది, మాత్ర మింగకుండా బుగ్గన పెట్టుకుంటే ఎట్లా కనిపెట్టేది, ఇవన్నీ మీకు ఎవురో ఒకరు నేర్పిస్తారు. ఎవురూ నేర్పించనిది ఒకటి చెప్తాను. దానికి జవాబు నాకూ తెలీదు, ముందే చెప్పేస్తా ఉండాను.

నా మొగుడు చిత్తూరులో మామిడికాయల మండీలో మూటలు మోసేవాడు. ఆయప్ప పోయినాక నేను తిరుపతికి వచ్చి ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరినాను. అమ్మ ఇంట్లో జారిపడి ఆడ చేరింది. దుడుకుగా మాట్లాడతాను నేను, ఎప్పుడూ అంతే. "కదలొద్దంటే కదలొద్దు, నీ కాలు నీదే గానీ కట్టు నాది" అని అమ్మ మీద అరిచినాను. ఆయమ్మ ఎవురు అనేది నాకు అప్పుడు తెలీదు. పక్కన కొడుకు నిలబడి ఉండాడు. అమ్మ పకపకా నవ్వి, "రేయ్, ఈవిడను మనింటికి తెచ్చుకుందాం రా" అనింది. అట్లా పోయినాను.

అలిపిరి రోడ్డుకు దగ్గిర్లో ఇల్లు. తెల్లారి పోయేది, పొద్దుగూకినాక నా రూముకు వచ్చేది. పోయినాకనే తెలిసింది, అమ్మ కతలు రాసే మనిషి అని. పుస్తకాలు చానా వేసింది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైంది. నేను చేరేటప్పటికి రాసేది తగ్గిపోయి, మాట్లాడేది జాస్తి అయ్యింది. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, కాళాస్తి, యాడ ఆడపిల్లల కాలేజీలో మీటింగున్నా, ఏ లైబ్రరీలో పండగ జరిగినా అమ్మను పిలిచేవాళ్ళు. నేను వెంట పోవాల. సంచీలో ఫ్లాస్కు, మాత్రలు, శాలువా, ఇంకో జత కండ్లద్దాలు, ఒక స్టీలు గలాసు. ముందు వరసలో చివరి కుర్చీ నాది.

అమ్మ చెప్పేది మూడే సంగతులు. చదువు, సంతోషం, ఆడోళ్ళ బతుకు. ఎప్పుడూ ఆ వరసలోనే. మొదటిసారి విన్నప్పుడు నాకు నిద్రొచ్చింది, ఉన్నమాట చెప్పాల గదా. తర్వాత తర్వాత పాట మాదిరి నోటికి వచ్చేసింది. ఏ మాటకు పిల్లలు నవ్వుతారో, యాడ కండ్లు తుడుచుకుంటారో నాకు ముందే తెలిసేది.

అందరూ కండ్లు తుడుచుకునే చోటు ఒకటుండాది. చదువు అయిపోయి సంతోషంలోకి పోయే మలుపు అది. "నా పెండ్లయిన మొదటి నెల. మా వారు జీతం తీసుకుని ఇంటికి వచ్చారు. చేతిలో రెండు పొట్లాలు. ఒకదానిలో మల్లెపూలు. రెండోదానిలో..." అని ఆగేది అమ్మ. హాలంతా ఊపిరి బిగబట్టేది. "రెండోదానిలో పుస్తకం." అంతే, చప్పట్లు. ఆ ఆడపిల్లల మొగాలు చూడాల మీరు, అట్లాంటి మొగుడు ఈ రోడ్డు మీదనే యాడో వస్తా ఉన్నట్టు తలుపు పక్క చూసేవాళ్ళు. నేను మాత్రం అనుకునేదాన్ని, నా మొగుడు తెచ్చిన పొట్లంలో పకోడీలే గదా ఉండేది అని. ఆ పొట్లం కాగితం మీద అచ్చు ఉండేదిలే. చదివేదానికి నాకు రాదు.

అమ్మకు మరుపు జబ్బు మొదలైంది మీటింగుల్లో కాదు, ఇంట్లో. స్టవ్వు మీద పాలు పెట్టి మరిచేది. నన్ను ఒకసారి "నువ్వు ఎవురి తాలూకు?" అని అడిగింది. ఇంకొకటి కూడా ఉన్నింది, అది జబ్బే అని నేను అనుకున్నాను. మధ్యాన్నం పుస్తకం పట్టుకోని కూర్చోని ఉంటుంది గదా, వీధిలో స్కూటరు చప్పుడు వినపడిందంటే సాలు, పుస్తకం దిండు కిందికి పోయేది. ఎవురిదో స్కూటరు, ఎవురో పోతా ఉంటారు. చప్పుడు పోయినాక మళ్ళా తీసుకునేది. ఒక దినం బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే నాకు పుస్తకం తగిలింది. "ఇదేందమ్మా, దీన్ని కూడా ఉడకేసేదా?" అని అడిగితే నవ్వి, పుస్తకం తీసుకోని కొంగుతో దులుపుకునింది.

మీటింగులో మాట తప్పిపోయేది మొదటిసారి కాళాస్తిలో చూసినాను. చదువు గురించి చెప్తా చెప్తా ఆగిపోయి, మైకు పట్టుకోని దిక్కులు చూస్తా ఉన్నింది. ఎంతమంది చూస్తా ఉండారో! ఏం చేసేదో తెలీక గలాసులో నీళ్ళు పోసుకోని స్టేజీ ఎక్కేసినాను. అమ్మ నీళ్ళు తాగతా ఉంటే చెవి కాడ "సంతోషంలోకి పోమ్మా" అన్నాను. తల ఊపి, గలాసు నా చేతికిచ్చి, "ఇక సంతోషం అంటే ఏమిటో చూద్దాం" అని అందుకునింది. ఎవురికీ తెలీలేదు. కారులో వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకోని, "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అనింది.

అట్లా మొదలైంది నా నీళ్ళిచ్చే పని. అమ్మ దారి తప్పితే నేను గలాసు తీసుకోని పోవాల, తర్వాతి మాట చెవిలో వేయాల. తప్పులు చేయలేదా అంటే చేసినాను. పుత్తూరులో ఒకసారి కునికినాను. ఉలిక్కిపడి లేచేటప్పటికి అమ్మ ఆగిపోయి ఉండాది. పరిగెత్తి పోయి "సంతోషం" అన్నాను. సంతోషం అప్పుడే చెప్పేసి ఉండాదంట! అమ్మ మళ్ళా మల్లెపూలు, పుస్తకం, అంతా మొదట్నుంచి చెప్పింది. పిల్లలు మళ్ళా చప్పట్లు కొట్టినారు. బయటికి వచ్చినాక డ్రైవరు, "అక్కా, ఆయన రెండు నెలల జీతం ఒకేసారి తెచ్చినట్టుండాడే" అన్నాడు. అమ్మతో పాటు అందరం పడిపడి నవ్వినాం.

ఆ నవ్వే మా కొంప ముంచింది. డ్రైవరు ఆ మాట యాడో చెప్పినాడు, అది కొడుకు చెవిన పడింది. ఆయన చెడ్డోడు కాదు. తల్లిని నలుగురిలో ఎవురన్నా నవ్వితే తట్టుకోలేడు, అంతే. నన్ను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడినాడు.

"నీళ్ళిచ్చి చెవిలో చెప్పే పని మానెయ్ అక్కా. ఇకమీద అమ్మ తడబడిందంటే నీళ్ళు తీసుకుని ఎక్కు, చెయ్యి పట్టుకుని కిందికి దించెయ్. మిగతాది నేను చూసుకుంటాను."

"ఆయమ్మ దిగనంటే?"

"నువ్వు చెప్తే దిగుతుంది. నా మాటే వినదు."

అది నిజమే. గలాసు అదే, నీళ్ళు అవే. పని మాత్రం తిరగబడిపోయింది. అమ్మను నిలబెట్టేదానికి ఎక్కేదాన్ని, ఇప్పుడు దించేదానికి ఎక్కాల. అమ్మకు ఈ సంగతి తెలీదు. నా చేతిలో గలాసు చూస్తే ఆయమ్మకు ధైర్యం.

ఇంగ చిత్తూరు సంగతి.

ఆడ ఒక ఆడపిల్లల కాలేజీలో చదువుకునేదానికి ఒక గది కట్టించినాడు కొడుకు, ఎప్పుడో పోయిన వాళ్ళ నాయన పేరు మీద. ఇంట్లో ఉన్న పుస్తకాలు చానా వరకు ఆడికే ఇచ్చినారు. పెండ్లానికి పుస్తకాలు తెచ్చిచ్చిన మొగుడు గదా, ఆయన పేరు పెట్టేది బాగుంటుందని కాలేజీ వాళ్ళు సంబరపడినారు. గోడకు పేరు చెక్కిన రాయి, దానికి పట్టుగుడ్డ కప్పి పెట్టినారు. ముందు అమ్మ మాట్లాడాల, తర్వాత ఆ గుడ్డ లాగాల. అమ్మ మరిది కూడా వచ్చి ముందు వరసలో నడాన కూర్చున్నాడు. తెల్ల మీసాల పెద్దాయన, అన్న అంటే ప్రాణం.

కారులో పోతా ఉన్నంతసేపూ కొడుకు అమ్మకు పాఠం చెప్పినాడు. "నాయన గురించి చెప్పమ్మా. మల్లెపూలు, పుస్తకం. అది చెప్తే సాలు, కూర్చునేయొచ్చు."

"ఎవురి నాయన?" అనింది అమ్మ.

డ్రైవరు అద్దంలో నన్ను చూసినాడు. అమ్మ కిటికీలోంచి మామిడితోపులు చూస్తా, "మా ఊరి పక్క పోతా ఉండామా?" అని అడిగింది. ఇంట్లో, మీటింగుల్లో ఎప్పుడూ పుస్తకం భాష మాట్లాడే మనిషి. అలిసిపోయినప్పుడు మాత్రం పుట్టింటి కార్వేటినగరం మాట వచ్చేసేది. అది వచ్చిందంటే నాకు భయం, యాలంటే ఆ దినం మరుపు జాస్తిగా ఉంటుంది.

కారు దిగేటప్పుడు కొడుకు నా పక్కకు వచ్చినాడు. "అక్కా, ఈరోజు రవ్వంత తేడా వచ్చినా నీళ్ళు తీసుకుని ఎక్కు. ఆలోచించొద్దు. నేను కండ్లద్దాలు తీస్తాను, అదే గుర్తు."

హాలు నిండిపోయింది. ఆడపిల్లలు గోడలకు ఆనుకోని నిలబడి ఉండారు. నా గలాసులో ముందే నీళ్ళు పోసి పెట్టుకున్నాను. చెయ్యి తడిగా ఉన్నింది, గలాసు చెమటో నా చెమటో.

అమ్మ బాగా మొదలు పెట్టింది. చదువు గురించి ఎంత బాగా చెప్పిందంటే, నేను గలాసు కుర్చీ కింద పెట్టేసినాను. పిల్లలు రెండుసార్లు నవ్వినారు, నవ్వాల్సిన చోటే. మరిది పెద్దాయన తల ఊపతా ఉండాడు. తర్వాత ఆ మలుపు వచ్చింది.

"నా పెండ్లయిన మొదటి నెల. మా వారు జీతం తీసుకుని ఇంటికి వచ్చారు. చేతిలో రెండు పొట్లాలు. ఒకదానిలో మల్లెపూలు. రెండోదానిలో..."

ఆగింది. ఎప్పుడూ ఆగేదే. హాలు ఊపిరి బిగబట్టింది. ఎప్పుడూ బిగబట్టేదే. కానీ అమ్మ ఇంకా ఆగే ఉండాది. నేను కుర్చీ కింద చెయ్యి పెట్టి గలాసు వెతుకుతా ఉండాను.

"రెండో పొట్లం లేదు" అనింది అమ్మ.

అది కార్వేటినగరం గొంతు. నేను కొడుకు వైపు చూసినాను. అద్దాలు తీసేసినాడు.

"రెండో పొట్లం నేను పెట్టింది, కతలో. పూలు తెచ్చినాడు, అబద్ధం ఏల చెప్పాల. పుస్తకం తేలేదు. పుస్తకం పక్కింటి టీచరమ్మ ఇచ్చింది నాకు. బియ్యం డబ్బాలో పెట్టుకోని చదువుకునేదాన్ని. ఒక దినం ఆయన స్కూటరు చప్పుడు నాకు వినపడలే."

నేను లేచినాను. స్టేజీ పక్క మెట్లకాడికి నడిచినాను. స్కూటరు అనే మాట వినేటప్పటికి నా కాలు ఒక అడుగు తప్పింది. నీళ్ళు తొణికి చీర మీద పడినాయి.

"కొట్టలేదు. ఎప్పుడూ కొట్టలేదు ఆయన. నవ్వినాడు. 'నీళ్ళు కాగబెట్టే కాగు కింద అంటించేదానికి కాగితం లేదని దినామూ అంటావు గదా, ఇదో, పొద్దుకొక కాగితం' అన్నాడు. దినామూ పొద్దున పండ్లు తోముకుంటా ఎదురుగ్గా నిలబడేవాడు. నేను ఆయన కండ్ల ముందర చించి పొయ్యిలో పెట్టాల."

"ఆపండి ఆ మైకు!" మరిది లేచి నిలబడినాడు. "మతి లేని మనిషిని ఎక్కించి మా అన్న పరువు తీస్తా ఉండారే! దించండి ఆమెను!"

అమ్మ ఆయన వైపు చూసింది. ఆయన తన పెండ్లి కాకముందు ఈ అన్నావదినల ఇంట్లోనే ఉండి చదువుకున్నాడంట, నాకు తర్వాత తెలిసింది.

"కూర్చో అబ్బోడా. నువ్వు పోసుకున్న నీళ్ళూ ఆ కాగులోవే."

యాడో వెనక ఒక పిల్ల కిసుక్కుమనింది, ఎవురో నోరు మూసినారు. నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టినాను. అమ్మ నన్ను చూసింది. గలాసు చూసింది. ఎప్పుడూ గలాసు చూస్తే ఆయమ్మ మొగంలో ఒక నిమ్మళం వచ్చేది. ఆ దినం రాలే.

"ఆడే ఉండు మే. నేను దారి తప్పలేదు."

నేను ఆగినాను. వెనక్కి తిరిగి చూస్తే కొడుకు సగం లేచి ఉండాడు. ఎక్కు, ఎక్కు అని చేత్తో చూపిస్తా ఉండాడు. ఎక్కితే అమ్మ దిగేస్తుంది. నాకు తెలుసు. నేను చెయ్యి పట్టుకుంటే ఆయమ్మ చంటిబిడ్డ మాదిరి వచ్చేస్తుంది. మాట అంతటితో అయిపోతుంది. మతిలేక ఏదో వాగిందిలే అని అందరూ ఇండ్లకు పోతారు. ఎక్కకపోతే రేపు నాకు పని ఉండదు. అమ్మ పేరు ఏమవుతుందో, ఆ సచ్చిపోయిన ఆయన పేరు ఏమవుతుందో అదీ తెలీదు. ఇది జబ్బు మాట్లాడతా ఉండాదా, అమ్మ మాట్లాడతా ఉండాదా? నా చెయ్యి బియ్యం డబ్బాలో పుస్తకానికి తగిలిన దినం గుర్తొచ్చింది. అంతకు మించి నేను ఏమీ ఆలోచించలే. నోరు ఎండిపోయి నాలుక అతుక్కుపోతా ఉన్నింది. గలాసెత్తి ఆ నీళ్ళు నేనే తాగేసినాను. కడదాకా తాగి, మెట్టు మీద కూర్చునేసినాను.

కావాలని చేసినావా అని డ్రైవరు ఎన్నిసార్లు అడిగినాడో. దప్పిక అబ్బా, దప్పిక.

అమ్మ చెప్తానే ఉండాది. "చించేదానికి, అంటించేదానికి నడాన సందుంటుంది గదా. ఆ సందులో చదివేదాన్ని. రెండు పక్కలా. ఆయన చూస్తా ఉండంగానే. పుల్ల పచ్చిది, పొగొస్తా ఉండాదని కండ్లు నులుముకునేదాన్ని, ఇంకో నాలుగు లైన్లు చదివేదాన్ని. ఈయమ్మకు పొయ్యి అంటించేదానికి కూడా రాదని తిట్టేవాడు. పొగ పక్కకు ఊదినట్టు ఊది కాగితం తిప్పేదాన్ని."

ఇప్పుడు ఎవురూ నవ్వలే.

"రేపటి కాగితం ఈ దినం చదివేదాన్ని కాదు. చదవొచ్చు. ఆయన ఆఫీసుకు పోయినాక పుస్తకం వంటింట్లోనే ఉంటుంది. అయినా ముట్టుకునేదాన్ని కాదు. తెల్లారి లేచేదానికి నాకు ఒకటి కావాల గదా. ఆ పుస్తకం అయిపోయేదాకా నేను ఎంత పొద్దున్నే లేచేదాన్నో! మా అత్త అందరికీ చెప్పుకునేది, కోడలు బుద్ధిమంతురాలైంది అని."

నీళ్ళు అక్కర్లేకుండానే అమ్మ వరసగా సంతోషంలోకి వచ్చేసింది. "సంతోషం అంటే ఏమిటమ్మా అని మీ మాదిరి పిల్లలు నన్ను అడుగుతా ఉంటారు. ఊరూరా తిరిగి ఏందేందో చెప్పినాను. ఆ పొయ్యి ముందర ఉన్నంత సంతోషంగా నేను మళ్ళా ఎప్పుడూ లేను. అట్లాంటి సంతోషం మీకు ఎవురికీ వద్దు." కొడుకు వైపు చూసింది. "తర్వాత ఆయనే నాచేత బీయే కట్టించినాడు. అదీ నిజమే. ఇదీ నిజమే."

మైకు చేత్తో పట్టుకోని అట్లనే నిలబడింది. నేను మెట్టు మీద నుంచి చూస్తా ఉండంగానే ఆ కండ్లల్లో నుంచి ఏదో జారిపోయింది. దీపం వత్తి కిందికి తిప్పినట్టు. నా వైపు తిరిగి, మైకులోనే, "ఇది ఏ ఊరు మే?" అని అడిగింది.

అప్పుడు ఎక్కినాను. ఖాళీ గలాసుతో ఎక్కి చెయ్యి పట్టుకున్నాను.

చప్పట్లు కొట్టేదా వద్దా ఎవురికీ తెలీలే. ప్రిన్సిపాలమ్మ పాపం మైకు తీసుకోని, ఇప్పుడు గది ప్రారంభోత్సవం అనేసింది. ఇంకేం చేస్తుంది ఆయమ్మ మాత్రం. మరిది అప్పటికే చెప్పులేసుకోని బయటికి పోయినాడు. అందరం గది కాడికి పోయినాం. అమ్మ చేతికి తాడు ఇచ్చినారు. పండగ మాదిరి నవ్వతా లాగింది. పట్టుగుడ్డ కింద పడింది. అమ్మ రాయి మీద పేరు గట్టిగా చదివింది.

"ఎవురీయన?" అని కొడుకును అడిగింది.

"మా నాయనమ్మా."

"మంచోడేనా?"

కొడుకు వంగి, కింద పడిన పట్టుగుడ్డ తీసి మడిచినాడు.

"నన్ను బాగా చూసుకున్నాడమ్మా" అన్నాడు కడాన.

"అట్లయితే సరే" అని అమ్మ చప్పట్లు కొట్టింది. అమ్మ కొట్టింది కాబట్టి అందరూ కొట్టినారు.

కాలేజీ వాకిట్లో, అమ్మను కారులో కూర్చోబెట్టినాక, కొడుకు నన్ను పక్కకు పిలిచినాడు. అరుస్తాడని అనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, నాకు సులువుగా ఉండేది. అరవలే.

"నిన్ను నమ్మినాను గదా అక్కా."

"అమ్మ దారి తప్పలేదనింది సార్."

"అమ్మకు నేనెవురో కూడా సగం దినాలు తెలీదు. దారి తప్పలేదని అమ్మ చెప్తే నువ్వు నమ్మేస్తావా?" "మా నాయన నన్ను భుజాన ఎక్కించుకుని లైబ్రరీకి తీసుకుపోయేవాడు. నాకు తెలిసిన నాయన ఆయన. ఇప్పుడు నేను ఏ నాయనను పెట్టుకోవాల, చెప్పు."

నేను ఖాళీ గలాసు సంచీలో పెట్టినాను.

"రేపటి నుంచి వేరే మనిషి వస్తుంది" అన్నాడు. "నిన్ను బస్టాండులో దించేస్తాం. నీ వస్తువులు ఏమన్నా ఉంటే డ్రైవరు తెచ్చిస్తాడు."

నేను సంచీ ఇచ్చేసినాను. అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. తిరుపతి బస్టాండు కాడ కారు ఆగినప్పుడు లేచింది. ఆడ మాట్లాడిన మాటలు మీకు చెప్పేసినాను.

ఆ తర్వాత అమ్మ ఎక్కడా మాట్లాడలే. చిత్తూరులో అమ్మ మాటలు పిల్లలు ఫోన్లలో పట్టినారంట, కొన్నాళ్ళు అటూ ఇటూ తిరిగినాయంట. చూసినోళ్ళల్లో కొందరు జబ్బు అన్నారు, కొందరు ఏడ్చినారు. నేను మళ్ళా చేరిన ఆసుపత్రిలో ఒకావిడ నన్ను గుర్తుపట్టి, "మెట్టు మీద నీళ్ళు తాగింది నువ్వే గదా" అని నవ్వింది. రవ్వంత సిగ్గేసింది. అమ్మ పోయిందని డ్రైవరే ఫోను చేసి చెప్పినాడు. పోయి చూసినాను. కొడుకు నన్ను చూసినాడు. ఒక కుర్చీ నా పక్కకు లాగి, వచ్చినోళ్ళ దగ్గిరికి పోయినాడు. చిత్తూరులో ఆ గది అట్లనే ఉండాదంట, ఆ పేరుతోనే. పిల్లలు నిండుగా చదువుకుంటా ఉంటారంట. మంచిదే.

ఈ పనికి వచ్చే ఆడపిల్లలు మీరు. రేపు మీ చేతిలోనూ ఎవురో ఒకరు గలాసు పెడతారు. మతి నిలవని మనిషి ఒకటి చెప్తుంది, మతి నిలిచిన మనిషి ఇంకోటి చెప్తాడు. జీతమిచ్చేది మతి నిలిచినాయనే. ఎవురి మాట వినాల? ఆ దినం నేను ఎక్కి ఉంటే ఆ కొడుకు వాళ్ళ నాయనను తలుచుకోని ఇప్పటికీ సుఖంగా ఉండేవాడు. అదీ చిన్న సంగతి కాదు. రాత్రిళ్ళు ఆ మనిషి మొగం గుర్తొస్తే లేచి కూర్చుంటాను. అయినా మళ్ళా ఆ మెట్టు కాడ నిలబెడితే, మళ్ళా దప్పికే అవుతుందేమో నాకు.

ఏం పాపా, ఏల ఆగినావు? ఏందట? చెప్పు.

"పెద్దమ్మా, ఆ పొయ్యి సంగతి రవ్వంత మెత్తగా రాసేదా, వాళ్ళింట్లో వాళ్ళు చదివితే బాగుండదు గదా" అంటా ఉండాది. ఇది కూడా రాయి. నువ్వు అడిగినావని రాయి. అమ్మ ఎట్లా చెప్పిందో నేను అట్లనే చెప్పినాను, నువ్వూ అట్లనే పెట్టు. మెత్తగా చెప్పాలనుకుంటే అమ్మకు రెండో పొట్లం ఉండనే ఉండాది.

రాసేసినాను పెద్దమ్మా అంటుంది. రాసినావో, తీసేసినావో, నాకు ఎట్లా తెలుస్తుంది? కాగితం నీ చేతిలో ఉండాది. రా, ఈడ నా పక్కన కూర్చో. మొదట్నుంచి చదువు. గట్టిగా చదువు, వింటాను.